పట్టపగటి పిశాచం

1998 అక్టోబరు చివర్లో న్యూజెర్సీలో దిగాను. పెళ్ళయి నాలుగు నెలలు. ఈయన వైటూకే ప్రాజెక్టులో ఉండేవారు. పొద్దున్న ఏడింటికి వెళ్తే మళ్ళీ రాత్రి ఎనిమిదికే రావడం. నాది హెచ్-4 వీసా, ఉద్యోగం చెయ్యడానికి లేదు. ఉన్న ఒక్క కారూ ఆయనతోనే పోయేది. ఎడిసన్‌లో మా అపార్ట్‌మెంటు కిటికీలోంచి చూస్తే పార్కింగులో కార్లు, వాటి మీద రాలిన ఎర్రటి ఆకులు, అంతే. మనిషన్నవాడు కనబడడు. తెనాలిలో మా అరుగు మీద కూర్చుంటే కూరగాయల బండివాడి దగ్గర్నుంచి పోస్ట్‌మాన్ దాకా ఎవరో ఒకరు ఏదో ఒకటి అని వెళ్ళేవాళ్ళు. గోడ గడియారానికి చప్పుడుంటుందని నాకు ఎడిసన్‌లోనే తెలిసింది.

టీవీ ఒక్కటే దిక్కు. వంట అయ్యాక రిమోటు పట్టుకుని అన్నీ నొక్కుకుంటూ పోయేదాన్ని. వంటల ప్రోగ్రాం, వాతావరణం, ఏవో నగలు అమ్మే చానెల్. ఒకరోజు అలా నొక్కుతుంటే ఒక గదిలో తెల్ల టోపీ పెట్టుకున్న పనిపిల్ల ఒకతి కనబడింది. చేతిలో బొమ్మ. ఆ బొమ్మకి గుండుసూదులు గుచ్చుతోంది. సూది దిగగానే మేడమీద ఎక్కడో చిన్నపిల్ల కెవ్వుమంది.

చేతబడి! అమెరికాలో! రిమోటు పక్కన పెట్టేశాను. మా నాయనమ్మ చెప్పిన కథల్లో సరిగ్గా ఇదే బొమ్మ, ఇవే సూదులు. ఆ పనిపిల్లకి పసుపూ కుంకుమా లేవు, అంతే తేడా.

ఆ సీరియల్ పేరు డార్క్ షాడోస్. సై-ఫై చానెల్‌లో పొద్దుటిపూట వచ్చేది. అసలు ఏబీసీలో 1966 జూన్ 27న మొదలై 1971 ఏప్రిల్ 2 దాకా నడిచింది. వారానికి ఐదు రోజులు, అరగంట చొప్పున, మొత్తం 1,225 ఎపిసోడ్లు. ఇవన్నీ తర్వాత తెలిసిన సంగతులు. ఆ రోజు నాకు తెలిసిందల్లా, ఆ పిల్ల పేరు ఆంజెలీక్, సూదులు గుచ్చించుకుంటున్న పాప పేరు సారా. సారా అన్నయ్య చెల్లెలి మంచం పక్కన నిలబడి ఏం చెయ్యాలో తోచక చేతులు నలుపుకుంటున్నాడు. ఆ అన్నయ్య పేరు బార్నబస్ కాలిన్స్.

నేను సరిగ్గా కథ మధ్యలో దూరానన్నమాట. ఆ ముక్క ఇక్కడే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత జరిగిన గొడవంతా దానివల్లే.

నేను చూడటం మొదలుపెట్టిన భాగం 1795లో జరుగుతుంది. మెయిన్ రాష్ట్రంలో సముద్రం ఒడ్డున కాలిన్స్‌పోర్ట్ అనే ఊరు, కొండ మీద కాలిన్స్ వాళ్ళ పెద్ద మేడ. ఓడల వ్యాపారం, డబ్బు, పరువు. ఆ ఇంటి కొడుకు బార్నబస్‌కి మార్టినిక్ దీవి నుంచి జోసెట్ అనే అమ్మాయితో పెళ్ళి కుదిరింది. ఆ పెళ్ళికూతురి వెంట పనిపిల్లగా వచ్చింది ఆంజెలీక్. మార్టినిక్‌లో ఉన్న రోజుల్లో బార్నబస్ ఆ పనిపిల్లతో కొన్నాళ్ళు తిరిగాడు. ఇప్పుడు ఆ సంగతి మర్చిపొమ్మంటాడు. ఆవిడ మర్చిపోదు. జోసెట్‌కీ బార్నబస్ బాబాయి జెరమయాకీ మందుపెట్టి ఇద్దరూ ఒకరి కోసం ఒకరు పిచ్చెక్కిపోయేట్టు చేస్తుంది. వాళ్ళు లేచిపోతారు. బార్నబస్ బాబాయిని తుపాకీ పోరులో కాల్చి చంపుతాడు. తర్వాత సారాకి జబ్బు. నన్ను పెళ్ళి చేసుకుంటే పిల్లని బతికిస్తానంటుంది ఆంజెలీక్. చేసుకుంటాడు. ఆవిడ మంత్రగత్తె అని తెలిశాక ఆవిణ్ణీ కాలుస్తాడు. నేల మీద పడి, చచ్చిపోతున్నాననుకుని అప్పుడు శపిస్తుంది. నీకు విశ్రాంతి ఉండదు, నువ్వెవర్నీ ప్రేమించలేవు, నిన్ను ప్రేమించినవాళ్ళు చస్తారు అని. కిటికీలోంచి గబ్బిలం వచ్చి అతని మెడ మీద పడుతుంది. అక్కణ్ణుంచి అతను రక్తపిశాచి.

ఆ గబ్బిలం దారానికి కట్టిన రబ్బరు బొమ్మలా ఉండేది. అయినా నేను సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నాను.

శాపం వాయిదాల మీద వసూలవుతుంది. చెల్లెలు సారా అన్నయ్యని వెతుక్కుంటూ వెళ్ళి, మూతి నిండా నెత్తురుతో ఉన్న అతన్ని చూస్తుంది. హడిలిపోయి ఆ చలిరాత్రి శ్మశానంలో దాక్కుంటుంది. జబ్బుచేసి అతని చేతుల్లోనే పోతుంది. జోసెట్ కొండ కొమ్ము మీంచి దూకుతుంది. ఆ కొండకి విధవల కొండ అని పేరు. కొడుకు ఏమయ్యాడో తెలిసి తల్లి నయోమీ విషం తాగుతుంది. నన్ను చంపెయ్యి నాన్నా అని తండ్రి కాళ్ళావేళ్ళా పడతాడు. తండ్రి జోషువా మహా కఠినుడు, కొడుకుతో నాలుగు మంచి మాటలు మాట్లాడిన మనిషి కాదు. తుపాకీ పట్టుకుని వస్తాడుగానీ కాల్చలేడు. చివరికి శవపేటికలో పడుకోబెట్టి, మూత లోపల సిలువ పెట్టించి, బయట గొలుసులు చుట్టిస్తాడు. ఆ గొలుసుల చప్పుడు వింటూ నేను టిష్యూ డబ్బా సగం ఖాళీ చేశాను.

బార్నబస్ మీద నాకంత జాలి ఎందుకు కలిగిందో ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది. సగం కారణం ఆ నటుడు మాటలు తడుముకోవడం.

జొనాథన్ ఫ్రిడ్ కెనడాలోని హామిల్టన్‌లో పుట్టాడు. లండన్‌లో నాటకం నేర్చుకుని, యేల్‌లో దర్శకత్వం చదివి, షేక్‌స్పియర్ నాటకాలు వేసిన మనిషి. ఈ వేషం కొన్నాళ్ళ పనే కదా అని ఒప్పుకున్నాడు. తీరా చూస్తే రోజుకొక ఎపిసోడు, బోలెడు డైలాగులు. టేపు మీద ఎడిటింగ్ ఖరీదైన పని కాబట్టి స్టేజి నాటకంలా ఏకబిగిన తీసేసేవాళ్ళు. తప్పులు దొర్లినా అలాగే వెళ్ళిపోయేవి. సమాధి గోడ ఊగేది. మైకు నీడ ఒకరి నుదుటి మీద కనబడేది. పాపం ఫ్రిడ్‌కి డైలాగులు గుర్తుండేవి కావు. మాట మధ్యలో ఆగి, కళ్ళు పక్కకి తిప్పి, ప్రాంప్టర్ మీద తర్వాతి ముక్క వెతుక్కునేవాడు. చూసేవాళ్ళకి అది ఒక పాపభారంలా కనబడేది. లోపల ఏదో తొలిచేస్తున్నవాడిలా, చెప్పాల్సింది వేరే, చెప్తున్నది వేరే అన్నట్టు.

నాకు మాత్రం అది గ్రోసరీ షాపులో నా మొహం. ఇంగ్లీషు మీడియంలో చదివినదాన్నే. అయినా కౌంటర్ దగ్గర అమ్మాయి గబగబా ఏదో అడిగితే నోట మాట పెగిలేది కాదు. ఇతనూ అంతేగా అనిపించేది. 1795 భాగం అయ్యాక కథ మళ్ళీ 1960ల్లోకి వచ్చేస్తుంది, అక్కడ ఇతను వేరే కాలం నుంచి ఊడిపడ్డాడు, పగలు బయటికి రాలేడు, ఎవర్నీ ఎరగడు. ఎవరన్నా ఏమన్నా అడిగితే ఒక్క క్షణం ఆగి, మర్యాదగా, తడబడుతూ జవాబు చెప్తాడు. నాకు దేశం కాని దేశంలో దొరికిన మొదటి చుట్టం రక్తపిశాచి. ఈయనకి ఈ మాట చెప్తే, వచ్చే వారం లైబ్రరీ కార్డు తీయిస్తానన్నారు.

వారానికి రెండుసార్లు అమ్మకి ఫోన్. కాలింగ్ కార్డు గీకి, ఆ పొడుగాటి పిన్ నంబరు కొట్టి, నిమిషాలు లెక్కపెట్టుకుంటూ. నాకు మధ్యాహ్నం కాబోతుంటే అమ్మకి రాత్రి భోజనాలు అయిపోయేవి. మొదట్లో ఏడుపొస్తుందని భయపడి ఏదో ఒక కబురు కావాలి కాబట్టి ఈ సీరియల్ కథ చెప్పడం మొదలుపెట్టాను. అమ్మకి తెగ నచ్చింది. చందమామలో బేతాళ కథలు కంఠతా వచ్చిన మనిషి. చిన్నప్పుడు మాకు కథ చెప్పి, ఆఖర్న బేతాళుడు అడిగినట్టే "ఇందులో తప్పెవరిది? తెలిసీ చెప్పకపోయావో..." అని నెత్తిమీద మొట్టికాయ చూపించేది.

గొలుసులు చుట్టిన దాకా చెప్పి ఆపాను. అవతల నిశ్శబ్దం. కార్డులో నిమిషాలు అయిపోయాయేమో అనుకున్నాను.

"ఆ పనిపిల్ల సంగతేంటే?" అంది అమ్మ.

"ఏముందమ్మా, రాక్షసి. పసిపిల్లకి సూదులు గుచ్చింది."

"గుచ్చిందిలే, అది తప్పే. దానికి ముందు సంగతి అడుగుతున్నా. ఆ దీవిలో ఉన్నన్నాళ్ళూ ఆ పిల్లతో తిరిగాడన్నావుగా. పెళ్ళనేసరికి యజమాని కూతురు కావలసొచ్చింది. ఆ పిల్ల ఆ ఇంట్లోనే ఉండి, ఆ పెళ్ళికూతురికే జడెయ్యాలి. నువ్వయితే ఏం చేస్తావు?"

"నేను చేతబడి చెయ్యనమ్మా."

"నీకు రాదు కాబట్టి."

నాకు కోపం వచ్చింది. కథంతా నేను అంత ఇదిగా చెప్తే, అమ్మకి ఆ మంత్రగత్తె తప్ప ఇంకెవరూ కనబడలేదా అని. కాల్చింది ముందు, శాపం తర్వాత అని కూడా అమ్మే గుర్తుచేసింది. నేను చెప్పేటప్పుడు ఆ ముక్క కాస్త తొందరగా దాటించేశాను. అమ్మ దగ్గర అలాంటివి సాగవు.

పక్క బ్లాకులో ఉండే ఆవిడ లాండ్రీ గదిలో పరిచయం అయింది. నలభై దాటి ఉంటాయి. పేరుపెట్టి పిలవమనేది. పెద్దావిణ్ణి పేరుపెట్టి పిలవడానికి నాకు నోరు రాక, రెండేళ్ళూ "హలో" తోనూ "ఎక్స్‌క్యూజ్ మీ" తోనూ నెట్టుకొచ్చాను. డ్రయర్ తిరుగుతుంటే ఊరికే ఉండలేక, పొద్దున టీవీలో ఏం చూస్తానని అడిగింది. చెప్పాను. చేతిలో దుప్పటి అలాగే వదిలేసి నా వైపు తిరిగింది.

1967లో ఆవిడకి పన్నెండేళ్ళట. స్కూలు బెల్లు కొట్టగానే పరుగు. ఇద్దరు తమ్ముళ్ళని చెరో చేత్తో లాక్కుంటూ ఇంటికొచ్చేది, టైటిల్స్‌లో అలలు బండలకి కొట్టుకునేసరికి టీవీ ముందుండాలి. అప్పట్లో దేశమంతా పిల్లలు అలాగే పరిగెత్తారని చెప్పింది. ఆ ఆగస్టు నుంచి సీరియల్ రంగుల్లో వచ్చిందిగానీ వాళ్ళింట్లో ఉన్నది నలుపు తెలుపు టీవీ. ఆంజెలీక్ గౌన్లకి అన్ని రంగులున్నాయని మళ్ళీ సై-ఫైలో చూసేదాకా తెలియదట.

బార్నబస్ అంటే నాకెంత జాలో చెప్పాను. ఆవిడ అడ్డంగా తల ఊపింది.

"నువ్వు వెనకనుంచి చూస్తున్నావు" అంది. "అతన్ని మేం ముందు ఎలా చూశామో చూడు. తర్వాత మాట్లాడు."

మర్నాడు ఒక అట్టపెట్టె నిండా వీడియో క్యాసెట్లు తెచ్చి మా గుమ్మంలో పెట్టింది.

వాటిని నేను వరసగా చూశాను. వరసగా అంటే, జనం 1967లో చూసిన వరసలో. ఏప్రిల్‌లో, నగలు దొరుకుతాయనే ఆశతో విల్లీ లూమిస్ అనే దిక్కులేని చిల్లరదొంగ ఒకడు కాలిన్స్ వాళ్ళ సమాధిలో దూరతాడు. గొలుసులు తెంచి శవపేటిక మూత ఎత్తుతాడు. లోపల్నుంచి ఒక చెయ్యొచ్చి గొంతు పట్టుకుంటుంది. అప్పటికి ఆ గొలుసులు చుట్టించిన తండ్రి సంగతి ఎవరికీ తెలియదు. సారా తెలియదు, నయోమీ తెలియదు. చెయ్యి ఒక్కటే. మర్నాడు పెద్ద కోటు, తోడేలు తల వెండి పిడి ఉన్న చేతికర్రతో ఒక పెద్దమనిషి కాలిన్స్ వాళ్ళ తలుపు తట్టి, నేను ఇంగ్లండు నుంచి వచ్చిన మీ చుట్టాన్ని అంటాడు.

అప్పట్లో అసలు ఇతన్ని ఎక్కువకాలం ఉంచే ఉద్దేశమే లేదు. సీరియల్‌కి చూసేవాళ్ళు తగ్గిపోతుంటే, నిర్మాత డాన్ కర్టిస్ ఒక రక్తపిశాచిని దింపి, కొన్ని వారాలు భయపెట్టించి, గుండెలో మేకు దిగ్గొట్టించి పంపేద్దామనుకున్నాడు. ఉత్తరాలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. చంపడానికి వీల్లేక, మరి ఉంచాలంటే చూసేవాళ్ళు కాస్త సహించేలా చెయ్యాలి కాబట్టి, ఆ నవంబరులో కథని 1795కి తీసుకెళ్ళి శాపం కథ చెప్పారు. నేను టిష్యూ డబ్బా ఖాళీ చేసిన కథ ముందు పుట్టింది కాదు. నేరాలు ముందు తీశారు, కారణం తర్వాత రాశారు.

ఆ నేరాలేమిటో క్యాసెట్లలో చూశాను.

మ్యాగీ ఎవాన్స్ ఊళ్ళో కాఫీ షాపులో వెయిట్రెస్. తండ్రి బొమ్మలు వేస్తాడు, తాగుతాడు. బార్నబస్‌కి ఆ పిల్ల జోసెట్‌లా కనబడుతుంది. ఎత్తుకుపోతాడు. జోసెట్ గౌను తొడిగి, జోసెట్ సంగీతపు పెట్టె చేతికిచ్చి, నువ్వు జోసెట్‌వే అని రోజూ చెప్తాడు. కాదంటే నేలమాళిగలో కటకటాల వెనక పడేస్తాడు. ఆ పిల్ల తన పేరు తను మర్చిపోకుండా ఉండటానికి పడే పాటు చూడలేకపోయాను. చివరికి ఆ గదికి ఇంకో దారి ఉందని మ్యాగీకి సూచన ఇచ్చేది ఎవరో తెలుసా? సారా. చచ్చిపోయి నూట డెబ్భై ఏళ్ళయిన చెల్లెలు, బొమ్మ చంకన పెట్టుకుని వచ్చి, అన్నయ్య దగ్గర్నుంచి ఆ పిల్లని తప్పిస్తుంది. 1795లో అతని చేతుల్లో పోయిన పిల్ల అని నాకు తెలుసు. 1967 వాళ్ళకి తెలియదు. ఆ సీను నేను టీవీ వాళ్ళు అనుకున్న దానికంటే ఎక్కువ బాధతో చూసి ఉంటాను.

మ్యాగీ తప్పించుకున్నాక డాక్టర్ జూలియా హాఫ్‌మన్ ఆ పిల్లకి వైద్యం చేస్తుంది. బార్నబస్ ఏమిటో కనిపెడుతుంది. పట్టివ్వదు. ఇతన్ని మనిషిగా మార్చి చూపిస్తానని పంతం, మెల్లగా ప్రేమ. అందుకని మ్యాగీకి హిప్నాటిజం చేసి జరిగినదంతా మరిపించేస్తుంది. మంచి డాక్టర్ వుడార్డ్ ఒకాయన నిజం కనుక్కుంటాడు. బార్నబస్, జూలియా కలిసి ఆయన్ని సూదిమందుతో చంపి, గుండెపోటు అని లోకాన్ని నమ్మిస్తారు. ఆయన జూలియాకి చదువుకునే రోజుల్నుంచీ స్నేహితుడు.

ఇక విల్లీ. చేతికర్రతో దెబ్బలు తిని, గొడ్డులా చాకిరీ చేసి, అయినా మ్యాగీ మీద జాలితో ఆ పిల్లని హెచ్చరించడానికి వెళ్తాడు. ఎత్తుకుపోయినవాడు వీడే అనుకుని పోలీసులు కాలుస్తారు. వీపున తూటాలతో బతికి, పిచ్చాసుపత్రికి పోతాడు. బార్నబస్ నోరు విప్పడు. పాపం అతనూ ఇబ్బందిపడుతున్నట్టే మొహం పెడతాడు, ప్రాంప్టర్ వెతుక్కునే ఆ మొహమే. ఆ రోజు మొట్టమొదటిసారి ఆ మొహం చూసి నాకు చిరాకేసింది.

క్యాసెట్లు తిరిగిచ్చేటప్పుడు ఆవిణ్ణి అడిగాను, మరి ఇంత చూశాక 1795 వచ్చినప్పుడు మీకు ఏమనిపించింది అని.

"ఏడ్చాను" అంది. "నా తమ్ముళ్ళు కూడా ఏడ్చారు. వాళ్ళు క్షమించేశారు. నేను క్షమించలేదు."

ఎందుకని అడిగాను. వాళ్ళమ్మ రూట్ వన్ మీద ఒక డైనర్‌లో వెయిట్రెస్‌గా చేసేదట, రాత్రి షిఫ్టు. "అమ్మ ఇంటికొచ్చేదాకా నిద్రపోయేదాన్ని కాదు. అతను పెద్దింటి వాళ్ళ జోలికి వెళ్తాడని నాకు భయం లేదు. మేడలో ఉన్నవాళ్ళకి తలుపులు ఉన్నాయి. మా అమ్మ అర్ధరాత్రి బస్సు దిగి నడిచి రావాలి."

నాకేమీ తోచలేదు. శాపం ఉందిగా, రక్తం తాగకపోతే బతకలేడుగా అన్నాను, బలహీనంగా.

"రక్తం తాగమని శాపం. ఆ పిల్ల పేరు మార్చమని శాపంలో లేదు" అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. అమ్మ వేలు పెట్టి చూపించినదీ అలాంటిదేగా. ఒకావిడ తెనాలిలో, సీరియల్ ఒక్క ముక్క చూడకుండా. ఇంకొకావిడ న్యూజెర్సీలో, పన్నెండేళ్ళప్పుడే. ఇద్దరూ చూసింది పనివాళ్ళ వైపు. నేనేమో మేడలో కూర్చుని కన్నీళ్ళు పెట్టుకున్నాను. తీరా చూస్తే నేను ఆ దేశంలో మేడలో దాన్నీ కాదు.

అయినా నిజం చెప్పాలి కదా, సీరియల్ చూడటం మానలేదు. బార్నబస్ కనబడితే ఇప్పటికీ ముందు జాలే వస్తుంది, కోపం తర్వాత వస్తుంది. ఒకటి వచ్చిందని రెండోది పోలేదు. అశ్వత్థామ మీద కూడా నాకిదే పేచీ. నిద్రపోతున్న ఉపపాండవుల్ని చంపాడని తెలుసు, ద్రౌపది ముందు తల వంచుకుని నిలబడితే జాలేస్తుంది. మా నాయనమ్మ అయితే పురాణంలో ఆ ఘట్టం రాగానే లేచి లోపలికి వెళ్ళిపోయేది, ఎవరి పక్షమో చెప్పకుండా.

1968 భాగాల్లో ఒక తమాషా జరుగుతుంది. డాక్టర్ లాంగ్ అనే అతను వైద్యం చేస్తే బార్నబస్ కొన్నాళ్ళు మామూలు మనిషవుతాడు. ఎండలో నిలబడతాడు. కిటికీ దగ్గర వెలుతురు మొహాన పడుతుంటే ఫ్రిడ్ చాలా బాగా చేశాడు, అది మాత్రం ఒప్పుకోవాలి, డైలాగు లేదు కాబట్టి హాయిగా చేశాడు. నేను ఊపిరి బిగబట్టి చూశాను. శాపం పోయింది కదా, ఇప్పుడు వెళ్ళి విల్లీ నిర్దోషి అని ఒప్పుకుంటాడా, మ్యాగీ కాళ్ళ మీద పడతాడా అని. అబ్బే. అతను మొదట చేసిన పనుల్లో ఒకటేమిటంటే, తనకి మళ్ళీ పనివాడు కావాలి కాబట్టి విల్లీని పిచ్చాసుపత్రి నుంచి విడిపించుకు రావడం.

ఆ సీరియల్ రాసినవాళ్ళు ఇదంతా కావాలని చేశారని నేననుకోను. రోజుకొక ఎపిసోడు, ఊపిరాడని పని. పోయిన నెల ఏం రాశారో ఈ నెల గుర్తుండేది కాదు. ఆ హడావిడిలో అతను మంచివాడా చెడ్డవాడా అని ఎవరూ తేల్చలేదు. తీరిక ఉంటే తేల్చేసి ఉండేవాళ్ళేమో. అప్పుడు నాకు గుర్తుండేదీ కాదు. 1991లో ఇదే కథని ఎన్‌బీసీ వాళ్ళు బెన్ క్రాస్‌ని పెట్టి బోలెడు ఖర్చుతో మళ్ళీ తీశారు. క్యాసెట్ దొరికితే చూశాను. గోడలు ఊగలేదు. ఎవరూ మాటలు తడుముకోలేదు. రెండు భాగాలు చూసి ఆపేశాను.

అమ్మ ప్రశ్నకి సీరియల్ వాళ్ళు జవాబు చెప్పారు, వెయ్యి ఎపిసోడ్లు దాటాక. 1840లో జరిగే కథ అది. ఆంజెలీక్ తనంత తానే శాపం తీసేస్తుంది. అప్పుడు బార్నబస్‌కి తెలిసొస్తుంది, తను ప్రేమించింది ఆ పనిపిల్లనే అని. ఆ మాట ఆవిడతో చెప్దామనుకునేసరికి ఎవరో ఆవిణ్ణి కాల్చేస్తారు. అతని చేతుల్లోనే పోతుంది. నేను అప్పటికి కాస్త ముదిరాను కాబట్టి ఏడవలేదు. కార్డు గీకి అమ్మకి చెప్పాను.

"ఇన్నాళ్ళకా?" అంది అమ్మ. తర్వాత మామిడికాయ పచ్చడి ఎవరిచేతనన్నా పంపించనా అని అడిగింది.

2001లో ఈయన ఉద్యోగం మారి మేం టెక్సాస్ వెళ్ళిపోయాం. పక్క బ్లాకు ఆవిడకి రెండు మూడు క్రిస్మస్ కార్డులు పంపాను, ఆవిడా పంపింది, తర్వాత ఇద్దరం అడ్రసులు మారిపోయాం. 2012 ఏప్రిల్‌లో జొనాథన్ ఫ్రిడ్ పోయాడని చదివినప్పుడు ముందు ఆవిడే గుర్తొచ్చింది. ఆ మేలోనే జానీ డెప్ బార్నబస్‌గా సినిమా వచ్చింది. అందులో విందుకి వచ్చిన అతిథుల్లో ఫ్రిడ్ కొన్ని క్షణాలు కనబడతాడు, మ్యాగీ వేసిన క్యాథ్రిన్ లీ స్కాట్, ఆంజెలీక్ వేసిన లారా పార్కర్ కూడా. హాల్లో నా చుట్టూ ఉన్నవాళ్ళు ఎవరూ గుర్తుపట్టలేదు. నేను మాత్రం పక్కనున్న మా అమ్మాయి చెయ్యి గట్టిగా పట్టుకునేసరికి, ఏమైందమ్మా అని కంగారుపడింది.

ఆ మరుసటి వేసవిలో అమ్మ మా ఇంటికొచ్చింది. మోకాళ్ళ నొప్పులు, బయటికి తిప్పడానికి లేదు. ఎండలు కూడా మన గుంటూరు జిల్లా ఎండలే. మధ్యాహ్నాలు డీవీడీ పెట్టి, పదిహేనేళ్ళ క్రితం ఫోన్లో చెప్పిన కథంతా చూపించాను. పక్కన కూర్చుని తెలుగులో చెప్తూ. ఈసారి మొదట్నుంచి, చెయ్యి గొంతు పట్టుకున్న దగ్గర్నుంచి చూపించాను. ఏదీ తొందరగా దాటించలేదు. అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ చూసింది. తండ్రి తుపాకీ పట్టుకుని వచ్చి కాల్చలేకపోయిన సీనులో మాత్రం చేతులు ఆగాయి. ఏమీ అనలేదు.

1968 భాగాలకి వచ్చాం. ఆసుపత్రి నుంచి వచ్చిన విల్లీ మళ్ళీ ఆ పాత ఇంట్లో అడుగుపెట్టాడు. దిక్కులు చూస్తున్నాడు, నోట మాట లేదు.

"మళ్ళీ ఆ ఇంటికే వచ్చాడా?" అంది అమ్మ.

"వచ్చాడమ్మా."

అమ్మ ఇంకో కాయ తీసుకుని ఈనె లాగింది.

"ఈసారన్నా జీతం మాట్లాడుకున్నాడా?"